తెఱ మీద లేదు

సర్వీస్ సెంటర్ వాళ్ళ ఫారంలో మొదటి గడి కొన్నవారి పేరు. రెండోది ఫిర్యాదు చేసేవారి పేరు. రెండూ ఒకటి కాకపోతే కారణం రాయాలని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. "కొన్న వ్యక్తి లేరు" అని రాసి ఇచ్చాను.

కౌంటర్లో అమ్మాయి చదివి, "ఊళ్ళో లేరా మేడమ్? వచ్చాక ఆయన్నే పంపించండి. సంతకం ఆయనదే ఉండాలి" అంది.

ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. రెండు అర్థాలు వచ్చే వాక్యం రాయకండి అన్నది నేను మొదటి వారంలోనే చెప్పే పాఠం. ఫారం వెనక్కి తీసుకుని "లేరు" కొట్టేసి "చనిపోయారు" అని రాశాను. ఆ అమ్మాయి మళ్ళీ చదివింది. బల్ల మీది స్టాప్లర్ని తీసి ఇంకోచోట పెట్టింది.

"సారీ మేడమ్. మీరు ఆయనకి ఏమవుతారు?"

"అక్కని."

అట్టపెట్టె ఆమె ముందుకు జరిపాను. లోపల తమ్ముడి గ్రాఫిక్స్ కార్డు ఉంది. కంప్యూటర్లో గీసిన బొమ్మని తెర మీదికి పంపేది అదేనని వాడే ఒకసారి చెప్పాడు. ఇటుకంత ఉంటుంది, పైన మూడు చిన్న ఫ్యాన్లు. మూడేళ్ళ వారంటీ ఈ నెలాఖరుతో అయిపోతుంది.

"లోపం ఏంటి మేడమ్?"

"తెర మీద ఎడమవైపు, కింది మూల, మచ్చ కనబడుతుంది. బూడిదరంగు. ఆ చోట ఉన్న బొమ్మ కనబడదు."

ఆమె పాత వివరాలు వెతికింది. "ఇదే కంప్లయింటుతో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ లోపం లేదనే రాశాం. మూడోసారీ అదే వస్తే ఫైలు మూసేస్తాం. ఉందని వస్తే మాత్రం ఇక రిపేరు లేదు, నేరుగా డబ్బు వాపసు."

"ఈసారి మచ్చ నేను కూడా చూశాను."

"ఫొటో తీశారా?"

"తీశాను. ఫొటోలో పడలేదు."

ఆమె నన్ను ఎలా చూసిందో నాకు బాగా తెలుసు. హోంవర్కు చేశాను గాని ఇంట్లో మర్చిపోయాను అనే పిల్లల్ని నేను అలాగే చూస్తాను.

వెనక అద్దాల గదిలోంచి టెక్నీషియన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. భూతద్దం పట్టీ నుదుటి మీదికి తోసుకుని ఉంది. పెట్టె మీద అంటించిన చీటీ చూసి, "ఈయనా? బాగా గుర్తండీ" అన్నాడు. "వచ్చినప్పుడల్లా ఈ అద్దం మీద కొట్టి, 'డాక్టరుగారూ, మా పేషెంటుకి ఎలా ఉంది?' అని అడిగేవారు. ఎలా ఉన్నారు?"

కౌంటరు అమ్మాయి ఫారం అతని వైపు తిప్పి, నేను రాసిన మాట మీద వేలు పెట్టింది. అతను పట్టీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"టీచరు అక్కగారంటే మీరేనా, ఆయన చెప్పేవారు. నాలుగు రోజులు ఆగండి టీచరుగారూ. నేనే చూస్తాను. వదలకుండా చూస్తాను."

నాకు ఆ డబ్బు అక్కర్లేదు. వస్తే మరదలికి ఇస్తాను. నాకు కావలసింది ఒక్క వాక్యం. లోపం కార్డులోనే ఉందని ఎవరైనా కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వాలి.

తమ్ముడు ఇంకా కట్టని ఇళ్ళ బొమ్మలు గీసేవాడు. బిల్డర్లు పునాది తీయకముందే కొనేవాళ్ళకి హాలూ వంటగదీ చూపించాలి కదా, అవి. కిటికీలోంచి ఎండ ఎంతవరకు పడుతుందో కూడా గీసేవాడు. ఐదు నెలల క్రితం, ఉదయం పదకొండింటికి, అలాంటి ఒక హాలు గీస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. తలలో ఒక రక్తనాళం ఎన్నాళ్ళుగానో ఉబ్బి ఉందనీ, ఇప్పుడు చిట్లిందనీ ఆస్పత్రిలో చెప్పారు. రెండు రోజులు ఉన్నాడు.

ఆ రెండో రోజు డాక్టరు అడిగింది: "చూపులో ఏమైనా తేడా ఉందని అనేవారా?"

మరదలు నా వైపు చూసింది.

"కంప్యూటర్లో కార్డు పాడైందని అనేవాడండీ" అన్నాను నేను.

డాక్టరు రాస్తున్న పెన్ను ఆగింది.

కార్డు పాడైన మాట నిజమైతే, వాడు చూసింది కార్డు తప్పునే. ఎవరం చేయగలిగిందీ లేదు. కార్డు బాగుంటే, వాడి తలలోంచి ఆరు నెలల పాటు ఒక పిలుపు వచ్చింది. దాన్ని వేరే చిరునామాకి పంపింది నేను. రెండు ఫిర్యాదు లెటర్లూ నేనే రాసిపెట్టాను.

మొదటి లెటరు కోసం వాడు ఫోన్లో టైపు చేసి పంపింది నా దగ్గర ఇంకా ఉంది. "అక్కా, తెఱ మీద ఎడమ కింద పిల్లి పంజా వేసినట్టుంది. పోవట్లేదు. ఒక్కోసారి కంప్యూటరు ఆపేసినా కనబడుతోంది. దీన్ని నీ భాషలో లెటరు చెయ్యి."

తెరకి మామూలు ర రాయాలి. తెఱచుటకి బండి ఱ. ఈ రెండూ వేరు వేరు మాటలని వాడికి పదేళ్ళప్పుడు చెప్పాను. "తెర ఉండేదే తెరవడానికి కదక్కా, రెండిటికీ బండి కట్టేస్తే పోలా?" అన్నాడు. అప్పటినుంచి నన్ను ఉడికించడానికే తెఱ అని రాసేవాడు. పుట్టినరోజు కార్డుల్లో కూడా ఎలాగోలా ఆ మాట ఇరికించేవాడు. బండి ఱ ఇప్పుడు ఎవరూ రాయరు. మా క్లాసు పుస్తకాల్లోనే లేదు. మా ఇంట్లో మాత్రం ఒకే ఒక్క మాటలో, తప్పుగా, బతికి ఉండేది.

పిల్లి పంజా కూడా మా ఇంటి మాటే. చిన్నప్పుడు గడప ముందు సిమెంటు చేసిన రోజు, అది ఆరకముందే పిల్లి నడిచింది. ఎడమ మూల ఒక్క పంజా మిగిలిపోయింది. బడికి వెళ్ళేటప్పుడు తమ్ముడు ఆ గుంటలో బొటనవేలు పెట్టి గాని కదిలేవాడు కాదు.

నేను తెఱని తెర చేశాను. పిల్లి పంజా కొట్టేసి "వేలెడంత మచ్చ" అని రాశాను. మూడో వాక్యం దగ్గర ఆగి ఫోన్ చేశాను.

"ఆపేసినా కనబడటం ఏంట్రా?"

"ఒక్కోసారి అక్కా. గోడ మీద కూడా. పొద్దస్తమానం దాన్నే చూసి చూసి కళ్ళకి అతుక్కుపోయినట్టుంది."

"ఇది రాస్తే నవ్వుతారు. లోపం కార్డులో కాదు బాబూ, మీ బుర్రలో అంటారు. తీసేస్తున్నా."

"తీసెయ్ టీచరమ్మా. నీ ఎర్రపెన్నుకి అడ్డేముంది!"

తీసేశాను. లెటరు చక్కగా కుదిరింది. అంత చక్కగా రాయకపోతే బాగుండేది.

నేను మచ్చని చూసింది మొన్న ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి. వారంటీ అయిపోతోందని మరదలు ఫోన్ చేస్తే వెళ్ళాను. వాడి పని గది తలుపు తీసి ఆమె గుమ్మంలోనే నిలబడింది. కుర్చీలో దిండు వాడు కూర్చున్నట్టే గుంట పడి ఉంది. దాన్ని తీయబుద్ధి కాక అంచున కూర్చున్నాను.

కంప్యూటరు ఆన్ చేయగానే మూడు ఫ్యాన్లూ ఒకేసారి ఊపిరి తీసినట్టు చప్పుడు చేశాయి. తెర మీద వాడి ఆఖరి హాలు వచ్చింది. ఖాళీ గది, తెల్లగోడలు, కిటికీ, గడప, నేల మీద ఎండ. ఆ ఎండ ఐదు నెలలుగా అక్కడే పడి ఉంది. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎడమవైపు కింద గడప ఉండాల్సిన చోట గడప లేదు. అక్కడ బూడిదరంగు ఉంది. ఒక గుండ్రటి ముద్ద, దాని పైన నాలుగు చిన్న ముద్దలు.

నాకు భయం వేయలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, సంతోషం వేసింది.

"ఇలా రా, చూడు! ఉంది!"

మరదలు వచ్చి వంగి చూసింది. "ఎక్కడ వదినా?"

"ఇక్కడ. కింద. ఎడమవైపు."

"అక్కడ గడపే ఉంది వదినా."

"సరిగ్గా చూడు."

ఆమె తెరని చూడటం మానేసి నా వేలిని చూసింది. "మీ తమ్ముడూ ఇలాగే చూపించేవారు. ఇదే వేలుతో. నాకెప్పుడూ కనబడలేదు" అంది. ఆ తర్వాత, "ఆపేయండి వదినా, ప్లీజ్" అంది.

ఆపేశాను. మర్నాడు వాడి స్నేహితుడొకడు వచ్చి కార్డు ఊడదీసి పెట్టెలో పెట్టిచ్చాడు. దాన్నే ఆ సాయంత్రం సర్వీస్ సెంటర్లో ఇచ్చి వచ్చాను.

గురువారం స్టాఫ్ రూంలో లెక్కల మాస్టారు నేను దిద్దిన పరీక్ష పేపర్ల కట్ట తిరగేస్తున్నారు. మార్కులు కూడిపెట్టమని నేనే ఇచ్చాను. ఆయన నోరు ఊరుకోదు.

"ఏవండీ తెలుగుగారూ, పిల్లలతో ఏమైనా ఒప్పందమా?"

"ఏమైంది?"

"ఎర్రసిరా పేజీకి ఒక మూల అస్సలు పడట్లేదే! ఇదిగో చూడండి. పైన దీర్ఘం పోతే దానికి సున్నా చుట్టారు. ఇక్కడ కింద ఎడమవైపు 'సంతోషం'లో ష బదులు శ రాశాడు, వదిలేశారు. ఈ పేపర్లోనూ అంతే. దీన్లోనూ. కిందికి వచ్చేసరికి మీకు జాలి పుడుతుంది కాబోలు. మా సబ్జెక్టులో ఇలాంటి సౌకర్యం లేదమ్మా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేపర్లు తీసుకుని చూశాను. పదకొండు పేపర్లలో, ఒకే చోట, పద్దెనిమిది తప్పులు. ఒక్కటీ నా కంట పడలేదు. "నిద్ర చాలడం లేదు మాస్టారూ, అందుకే" అన్నాను. ఎరుపు పెన్నుతో పద్దెనిమిదీ దిద్దాను. పేజీని కాస్త కుడికి జరిపితే అన్నీ కనబడ్డాయి.

శుక్రవారం సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆఖరి పీరియడ్ ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాను. కౌంటరు అమ్మాయి ప్రింటు తీసి, మడిచి, నా చేతికి ఇచ్చింది.

తమ్ముడికి ఇచ్చిన పాత రెండు చీటీలదీ దీనిదీ ఒకే నమూనా. "పరీక్ష ఫలితం: లోపం కనబడలేదు." ఇంతవరకు వాటిలో ఉన్నట్టే ఉంది. వాటిలో దాని కింద "గమనిక" అన్న గడి ఖాళీగా ఉండేది. ఈసారి ఖాళీగా లేదు.

"పిల్లి పంజా తెఱ మీద లేదు. ఆపేసి చూడు."

రెండుసార్లు చదివాను. వృత్తి అలవాటు కొద్దీ ముందు తప్పులే చూశాను. బండి ఱ చూశాను. "చూడు" చూశాను. ఏ సర్వీస్ సెంటరూ కస్టమరుని చూడు అనదు.

"ఇది ఎవరు రాశారు?"

టెక్నీషియన్ బయటికి వచ్చాడు. కాగితం తీసుకుని, భూతద్దం దించుకుని చదివాడు.

"నేను రాయలేదండీ. మాకు రాసే పనే ఉండదు. ఆరు వాక్యాలు ముందే ఉంటాయి, ఒకటి నొక్కుతాం, అంతే. గమనిక గడిలో టైపు చెయ్యనివ్వదు కూడా." వేలు బండి ఱ మీద ఆగింది. "ఇదేం అక్షరం?"

"ర."

"ఇలాగా?"

"పాతది. ఇక్కడ తప్పు."

"మీ తమ్ముడుగారి లెటర్లోంచి వచ్చిందేమో మేడమ్" అంది అమ్మాయి. "ఒక్కోసారి పాత కంప్లయింటులోది దీన్లో పడుతుంది." పాత లెటర్లు రెండూ తెరిచి నా వైపు తిప్పింది. నా వాక్యాలే. తెర. వేలెడంత మచ్చ. పిల్లి లేదు, పంజా లేదు, బండి లేదు. అవన్నీ నేను కొట్టేసినవి. కొట్టేసిన మాటలు ఈ ఆఫీసు గడప తొక్కనే లేదు.

"ఉండండి, ఇంకోటి తీస్తాను" అని ఆమె మళ్ళీ ప్రింటు నొక్కింది. రెండో కాగితం వచ్చింది. లోపం కనబడలేదు. గమనిక గడి ఖాళీ. మూడోది తీసింది. ఖాళీ. ఆమె మొదటి కాగితాన్ని ముట్టుకోవడానికి చెయ్యి చాచి, మానేసింది.

టెక్నీషియన్ గొంతు తగ్గించాడు. "టీచరుగారూ, ఒక మాట. కార్డుని నాలుగు రోజులు ఆపకుండా నడిపాను. వంద బొమ్మలు వేశాను. దాంట్లో ఏమీ లేదు, ఒట్టు. కానీ ఈ కాగితం మా మెషిన్లోంచే వచ్చింది, మా ముద్ర ఉంది. పైవాళ్ళకి పంపితే మా పొరపాటు కింద రాసుకుని డబ్బు ఇచ్చేస్తారు. మీరు ఊఁ అనండి, నేను పంపుతాను. ఆయనంటే నాకు ఇష్టం."

అమ్మాయి ఒక ఫారం నా ముందు పెట్టింది. రెండు గడులు. లోపం ఉందని వాదిస్తున్నాను. లోపం లేదని అంగీకరిస్తున్నాను. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి.

కౌంటరు వెనక, వాళ్ళు పరీక్షలు చేసే తెర ఒకటి గోడకి ఉంది. నా కార్డు తీసేయడంతో అది ఆగిపోయి, నల్లగా ఉంది. దాని మధ్యలోకి చూశాను. కదలకుండా చూశాను. ఎడమవైపు కింది నుంచి మెల్లగా వచ్చింది. ఒక ముద్ద, పైన నాలుగు. తల తిప్పి తెల్లగోడ వైపు చూశాను. అది తెరని వదిలి నాతోపాటు గోడ మీదికి వచ్చింది. అమ్మాయి ముఖం చూశాను. ఆమె కుడిచేతి కంకణం ఉండాల్సిన చోట బూడిదరంగు.

"కళ్ళు తిరుగుతున్నాయా మేడమ్? కూర్చోండి."

"లేదమ్మా. పెన్ను ఇవ్వు."

ఆ గడిలో టిక్కు పెట్టడం ఎంత కష్టమో ఆ ఇద్దరికీ తెలియదు. లోపం లేదని ఒప్పుకుంటే ఆ లెటర్లు, ఆ ఎర్రపెన్ను, ఆ ఆరు నెలలు అన్నీ నావే. లోపం ఉందని రాస్తే అవి కార్డు మీదికి పోతాయి. కాగితం చేతికి వస్తుంది. నేను ఇంటికి వెళ్ళి నిద్రపోతాను. ఏదో ఒక రోజు పదకొండింటికి క్లాసులో పక్కకి ఒరిగిపోతాను. అప్పుడు లెక్కల మాస్టారు డాక్టరుతో, నిద్ర చాలడం లేదని అనేవారండీ అంటారు.

రెండో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.

"అయితే డబ్బు రాదు మేడమ్" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, నేను పొరపాటు గడిలో పెట్టానేమో అన్నట్టు.

"తెలుసు. కార్డు మంచిదే."

టెక్నీషియన్ కార్డుని పెట్టెలో పెట్టి, నాలుగు మూలలా దూది సర్ది, నా చేతిలో పెట్టాడు. మొదటి కాగితాన్ని నేను మడిచి సంచీలో వేసుకున్నాను. వద్దని ఎవరూ అనలేదు.

మరదలికి ఆటోలోంచే ఫోన్ చేశాను. "కార్డు బాగుందన్నారు" అన్నాను. "అయితే..." అంది ఆమె.

"అవును. నీకు చెప్పాల్సింది చాలా ఉంది. చెబుతాను. ముందు నువ్వు ఆస్పత్రికి రా. ఒంటరిగా వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది."

"ఎవరికి బాగాలేదు వదినా?"

"నాకు. పిల్లి పంజా నాకు కనబడుతోంది."

ఆమె నాకంటే ముందే వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది. కళ్ళ విభాగంలో నా గడ్డాన్ని ఒక తెల్లని గిన్నెలాంటి యంత్రానికి ఆనించి కూర్చోబెట్టారు. మధ్యలో చుక్కనే చూడాలట. చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలట. నొక్కుతూ పోయాను. పైన మెరిసింది, కుడివైపు మెరిసింది, మళ్ళీ పైన. ఎడమ కింద ఒక్కటీ మెరవలేదు. అక్కడ కూడా మెరిపిస్తున్నారని నాకు తెలుసు. మరదలు యంత్రం వెనక నిలబడి ఉంది. ఒక్కో వెలుగూ నేను నొక్కకుండా పోతుంటే ఆమె గాజులు కదిలిన చప్పుడు వినిపించేది.

అయ్యాక ప్రింటు ఇచ్చారు. తెల్లని వృత్తం, ఎడమవైపు కింద బూడిదరంగు ముద్దలు. పరీక్ష చేసినామె దాన్ని చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. మరదలు చెప్పింది. ఆమె లేచి లోపలికి వెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చింది. స్కానింగు ఈరోజే తీయాలన్నారు. చిట్లకముందే తెలిస్తే చేయగలిగింది ఉంటుందన్నారు.

స్కానింగు గది బయట ఒక ఫారం ఇచ్చారు. ఈరోజు ఇది రెండోది. పేరు, వయసు, వృత్తి. కింద, "మీ బాధను మీ మాటల్లో వివరించండి."

మరదలు పక్కన కూర్చుని కార్డు పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. సంచీలోంచి ఎర్రపెన్ను చేతికొచ్చింది. అది లోపల పడేసి ఆమె దగ్గర నీలంది అడిగి తీసుకున్నాను. నిదానంగా, గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు రాశాను.

"తెఱ మీద ఎడమ కింద పిల్లి పంజా వేసినట్టుంది. పోవట్లేదు. ఆపేసినా కనబడుతోంది."

చదివి చూసుకున్నాను. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఫారం నర్సు చేతికి ఇచ్చాను.